యూనియన్‌లో చేరారని కక్ష కడితే: చట్టం ఏమంటోంది, మీరు ఏం చేయాలి

"ఏటి, యూనియనోళ్లతో తిరుగుతన్నావంట. ఉద్యోగం చెయ్యాలని లేదేటి?"

సూపర్‌వైజర్ నోటి నుంచి ఈ మాట వచ్చిన రోజే ఒక నోటుబుక్కు కొనండి. తేదీ, షిఫ్టు, ఏ చోట అన్నాడు, అన్నది అన్నట్టుగా మాట, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఆ రాత్రే రాసిపెట్టుకోండి. రేపు రాద్దాంలే అనుకుంటే మాట మారిపోతుంది, తేదీ మరిచిపోతాం. రెండేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు "ఏ తేదీన అన్నారు" అని అడిగితే మనం నీళ్లు నమలాల్సి వస్తుంది.

పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో పనిచేసేవాళ్లైనా, రాజాం, నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులవాళ్లైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌వాళ్లైనా, పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే అక్కలైనా ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. యూనియన్‌లో ఉన్నందుకు తీసేస్తున్నాం అని ఏ యాజమాన్యమూ కాగితం మీద రాయదు. ఆబ్సెంట్ అంటారు, ప్రొడక్షన్ తక్కువ అంటారు, ఆఫీసరుకి ఎదురు మాట్లాడాడు అంటారు, కాంట్రాక్టు అయిపోయింది అంటారు. పైకి చెప్పిన కారణం వెనక అసలు కారణం యూనియనే అని చూపించాల్సింది మనమే. కక్షసాధింపు అని ఎవరు అంటే వాళ్లే రుజువు చేయాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అందుకే ఇలాంటి కేసులు గెలిచినా ఓడినా ఆవేశం మీద కాదు, తేదీల మీద.

చట్టంలో ఏముంది

యూనియన్ పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది. దాన్ని ఫ్యాక్టరీ గేటు లోపలికి తెచ్చేది లేబర్ చట్టం. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల (కంపెనీ సర్వీసు నిబంధనల) చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, ఈ మూడింటి స్థానంలో వచ్చిన కోడ్ ఇది. సమ్మె విషయంలో ఈ కోడ్ కార్మికుడి చేతులు బాగా కట్టేసింది, ఆ కోపం నాకూ ఉంది. కానీ యూనియన్ సభ్యుల మీద వివక్ష చూపకూడదన్న నిబంధనలు పాత చట్టంలో ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఇందులోకీ వచ్చాయి. కొత్త కోడ్ వచ్చింది కాబట్టి ఇక మీ యూనియన్లూ లేవు, హక్కులూ లేవు అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

కోడ్‌లో సెక్షన్ 84, రెండో షెడ్యూలు చూడండి. అన్యాయమైన కార్మిక విధానాలు ఏవో అక్కడ వరసగా రాసి ఉన్నాయి. యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం తప్పు. యూనియన్ పెడితే కంపెనీ మూసేస్తామనడం తప్పు. సరిగ్గా యూనియన్ కడుతున్న సమయం చూసి, దాన్ని దెబ్బతీయడానికి జీతాలు పెంచడమూ తప్పే, ఇది చాలామందికి తెలియదు. యాజమాన్యం తన మనుషులతో జేబు యూనియన్ పెట్టించడం, ఒక యూనియన్‌ని నెత్తిన పెట్టుకుని ఇంకోదాన్ని తొక్కడం, చేరమని తోటివాళ్లకి చెప్పినందుకు శిక్షించడం, యూనియన్ పనుల వల్ల సీనియారిటీ మార్చడం, ప్రమోషన్ ఆపడం, దురుద్దేశంతో దూరానికి బదిలీ చేయడం, దొంగ సాక్ష్యాలతో క్రిమినల్ కేసులో ఇరికించడం, సెలవు చెప్పకుండా మానేశాడని అబద్ధపు ఆరోపణతో తీసేయడం, యాజమాన్యానికి వ్యతిరేకంగా ఎంక్వైరీలో సాక్ష్యం చెప్పినందుకు పగబట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. ఏళ్ల తరబడి క్యాజువల్‌గానే ఉంచి పర్మినెంట్ కానివ్వకపోవడం కూడా ఉంది. ఈ నిషేధానికి ఇంతమంది పనివాళ్లు ఉండాలన్న లెక్క లేదు. పదిహేను మంది ఉన్న జీడి యూనిట్‌కీ వర్తిస్తుంది, పదిహేను వందల మంది ఉన్న ప్లాంటుకీ వర్తిస్తుంది.

శిక్ష సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇలాంటి పనికి 10,000 రూపాయల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. కానీ ఆ కేసు మీరు నేరుగా కోర్టులో వేయలేరు, ప్రభుత్వం తరఫున అధికారం ఉన్నవాళ్లే వేయాలి. అది జరిగేదాకా మీ ఇంట్లో పొయ్యి వెలగొద్దా? కాబట్టి జరిమానా కోసం అర్జీ ఇవ్వండి, కానీ మీ బలమంతా ఉద్యోగం తిరిగి తెచ్చుకునే దారి మీద పెట్టండి.

మీరు "వర్కర్" కిందకి వస్తారా

చేతిపని, టెక్నికల్, క్లరికల్, సూపర్‌వైజరీ పని చేసేవాళ్లు వస్తారు. మేనేజర్లు రారు, సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకి 18,000 రూపాయలు దాటి జీతం తీసుకునేవాళ్లు రారు. ఇక్కడే ఒక ఎత్తు వేస్తారు. యూనియన్‌లో చురుగ్గా ఉన్న ఆపరేటర్‌కి రాత్రికి రాత్రి "షిఫ్ట్ ఇన్‌ఛార్జ్" అని పేరు తగిలించి, నువ్వు ఇప్పుడు స్టాఫ్, నీకు యూనియన్ ఏంటి అంటారు. పేరు ఏదైనా కానీ, మీరు రోజూ ప్రధానంగా చేసే పని ఏదో అదే లెక్క. ఆ కొత్త హోదా లెటర్ వచ్చిన తర్వాత కూడా మీరు మెషీన్ మీదే ఉన్నారని చూపే డ్యూటీ చార్టులు, లాగ్‌బుక్ పేజీల వివరాలు రాసి దాచండి. ట్రైనీ అన్న మాట కూడా అంతే. అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిస్‌లు వర్కర్లు కారు, కానీ మామూలు ఉత్పత్తి పని చేయిస్తూ ఏళ్లకేళ్లు ట్రైనీ అని పిలిచినంత మాత్రాన మీరు ట్రైనీ అయిపోరు.

కాంట్రాక్టు కార్మికులు యూనియన్‌లో చేరవచ్చు, అనుమానమే వద్దు. కాకపోతే దెబ్బ పడినప్పుడు కాంట్రాక్టర్ "కంపెనీ వద్దంది" అంటాడు, కంపెనీ "మా మనిషే కాదు" అంటుంది. అందుకని ఏ అర్జీ రాసినా కాంట్రాక్టర్‌నీ అసలు కంపెనీనీ ఇద్దరినీ ఎదుటి పక్షంగా పెట్టండి. పీఎఫ్ పాస్‌బుక్ ఉమాంగ్ యాప్‌లో దొరుకుతుంది, ఇప్పుడే తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి కూడా పంపండి. ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు ఫొటో కూడా దాచండి. కాంట్రాక్టర్ పేరు మూడుసార్లు మారినా అదే గేటు, అదే ప్లాంటు, అదే పని అని ఇవే చెప్తాయి.

ఫిక్స్‌డ్ టర్మ్ మీద ఉన్నవాళ్లది అన్నింటికంటే కష్టమైన పరిస్థితి. గడువు అయిపోయి ఆగిపోతే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ కింద, అంటే యాజమాన్యం పని నుంచి తొలగించినట్టు, లెక్కపెట్టదు. అయినా ఒకే బ్యాచ్‌లో అందరికీ రెన్యువల్ ఇచ్చి యూనియన్ సభ్యత్వం తీసుకున్నవాళ్లని మాత్రమే ఆపితే, ఆ పేర్ల జాబితాయే మీ సాక్ష్యం. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఎవరు సభ్యులు, మూడు గళ్లు గీసి రాయండి.

దాచాలా, చెప్పాలా

చాలామంది అడిగేది ఇదే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తగినంత మంది చేరేదాకా గుట్టుగా ఉండండి. రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు కావాలి, దానితోపాటు ఆ సంస్థలో పనిచేసేవాళ్లలో పది శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంత. అంటే 60 మంది ఉన్న చోట ఏడుగురు, 400 మంది ఉన్న చోట 40 మంది, 1,500 మంది ఉన్న చోట 100 మంది. ఆ సంఖ్య చేతికి వచ్చాక మాత్రం దాచకండి. యూనియన్ పెట్టామని, కార్యవర్గం వీళ్లని పేర్లతో యాజమాన్యానికి ఉత్తరం రాసి, ఒక కాపీ జిల్లా లేబర్ ఆఫీసులో ఇచ్చి, మన కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

ఎందుకంటే వివక్ష అని రుజువు చేయాలంటే ముందు, మీరు యూనియన్‌లో ఉన్నారని యాజమాన్యానికి తెలుసు అని రుజువు కావాలి. గుట్టుగా ఉన్న మనిషిని తీసేస్తే "అతను యూనియన్ అని మాకు తెలియనే తెలియదు" అంటారు, ఆ ఒక్క మాటతో కేసు సగం పోతుంది. ఆ ఉత్తరం 5వ తేదీన చేరి, మీ మొదటి మెమో 11వ తేదీన వస్తే, అంతకుముందు ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా లేకపోతే, ఇక మీరు గట్టిగా అరవక్కర్లేదు. ఆ కాగితాలు చాలు.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక మాట. గ్రూపులో యాజమాన్యానికి చెప్పేవాడు ఒకడు ఉంటాడనుకునే మాట్లాడండి. బూతులు, "చూసుకుందాం", "తగలబెడదాం" లాంటి మాటలు ఒక్కటి దొరికినా అదే మీ మీద చార్జిషీటు అవుతుంది. మీకు వచ్చిన బెదిరింపు మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు ఉంటే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. అసలు ఫోన్ మార్చకుండా, అమ్మకుండా ఉంచండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు దానితో సర్టిఫికెట్ కూడా ఇవ్వాలని సాక్ష్య చట్టం చెబుతోంది.

ఇంకోటి, అందరం కలిసి ఒకే రోజు సెలవు పెడదాం అనుకుంటారు. యాభై శాతం, ఆపైన మంది ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే కోడ్ దాన్ని సమ్మె కిందే లెక్కపెడుతుంది. సమ్మెకి కనీసం 14 రోజుల ముందు నోటీసు ఉండాలి. నోటీసు లేకుండా చేస్తే మీమీదికే జరిమానా, నెల రోజుల దాకా జైలు కూడా వచ్చే అవకాశం ఉంది. యూనియన్ హక్కు కోసం పోరాడేవాడు చేజేతులా వాళ్లకి ఆ అవకాశం ఇవ్వకూడదు.

గేటు దగ్గర ఆపేస్తే

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. ఆర్డరు ఇవ్వరు, మెమో ఇవ్వరు. ఎ షిఫ్టుకి ఆరింటికల్లా టిఫిన్ క్యారేజీ పట్టుకుని వెళ్తే పంచింగ్ పడదు. సెక్యూరిటీ "మీ పేరు లేదు, హెచ్‌ఆర్‌ని అడగండి" అంటాడు, హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడు. పది రోజులు ఇలా తిప్పి, తర్వాత "చెప్పకుండా మానేశాడు" అని ఇంటికి లెటర్ పంపుతారు. ఆ లెటర్ రాకముందే మీ ఉత్తరం వెళ్లిపోవాలి. అదే రోజు, తెల్ల కాగితం మీద, చేతిరాతతో అయినా సరే:

"అయ్యా, నేను ఫలానా విభాగంలో, ఫలానా టోకెన్ నంబరుతో, ఫలానా సంవత్సరం నుంచి పనిచేస్తున్నాను. ఈ రోజు ఫలానా తేదీ ఉదయం 5.50కి ఎ షిఫ్టు డ్యూటీకి గేటు దగ్గరికి వచ్చాను. నన్ను లోపలికి అనుమతించలేదు. కారణం చెప్పలేదు, ఎలాంటి ఆర్డరూ ఇవ్వలేదు. నేను డ్యూటీ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. నేను ఫలానా యూనియన్‌లో సభ్యుడినైనందుకే ఇలా చేస్తున్నారని భావిస్తున్నాను. నన్ను వెంటనే డ్యూటీలోకి తీసుకోవాలని కోరుతున్నాను."

ఇంతే. ఎక్కువ రాయకండి, తిట్లు రాయకండి. స్పీడ్‌పోస్టులో కంపెనీ మేనేజర్‌కి, కాంట్రాక్టర్ ఉంటే అతనికి, లేబర్ ఆఫీసుకి పంపి రసీదులు ఉత్తరం కాపీకి పిన్ను కొట్టండి. ట్రాకింగ్ పేజీలో చేరినట్టు వచ్చాక దాన్నీ ప్రింటు తీయించండి, కొన్నాళ్లకి అది వెబ్‌సైట్‌లో కనపడదు. మరుసటి రోజూ వెళ్లండి. ఇద్దరు సాక్షులతో వెళ్లండి.

హెచ్‌ఆర్ పిలిచి "రాజీనామా ఇచ్చేయ్, లెక్క సెటిల్ చేస్తాం, లేదంటే కేసు పెడతాం" అంటే కూర్చున్న చోట సంతకం చేయకండి. తెల్ల కాగితం మీదైతే అసలే వద్దు. ఇంటికెళ్లి అడిగి వస్తానని లేచి రండి. ఒకవేళ బలవంతంగా చేయించుకుంటే ఆ రోజే, కనీసం మర్నాడే "నా చేత బలవంతంగా సంతకం చేయించారు, నేను రాజీనామా చేయలేదు" అని ఉత్తరం పంపండి. నెల తర్వాత చెప్పే మాటకి విలువ ఉండదు.

మెమో, ఎంక్వైరీ వస్తే

మెమో తీసుకోనని మొండికేయకండి. తీసుకోండి, తీసుకున్న తేదీ రాసి సంతకం పెట్టండి, గడువు లోపల జవాబు ఇవ్వండి. జవాబులో ఆరోపణకి సమాధానం చెప్పి, చివర్లో యూనియన్ విషయం, తేదీలు తప్పకుండా రాయండి. మొదటి జవాబులో లేని మాట తర్వాత కోర్టులో చెబితే అల్లుకొచ్చిన కథ అంటారు.

300 మంది, ఆపైన పనిచేసే చోట సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, మీ వల్ల కాకుండా ఎంక్వైరీ ఇంకా సాగితే ఆ తర్వాత 75 శాతం జీవన భృతి ఇవ్వాలి. ఎంక్వైరీకి వెళ్లండి, తోటి కార్మికుణ్ణి సాయంగా తెచ్చుకుంటానని రాసి అడగండి, వాళ్ల సాక్షులని ప్రశ్నించండి. ప్రతిరోజూ ఎంక్వైరీ కాగితాల కాపీ అడగండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసివ్వండి. ఎంక్వైరీ అంతా నాటకం, ముందే రాసుకున్నారు అని బహిష్కరించి వచ్చేస్తే మనం లేకుండానే (ఎక్స్‌పార్టీగా) ముగించుకునే వీలు వాళ్లకి మనమే ఇచ్చినట్టు.

ఆఫీసులు, గడువులు

ఉద్యోగం పోతే మీరు ఒక్కరే వివాదం లేవనెత్తవచ్చు, యూనియన్ సంతకం లేకపోయినా చెల్లుతుంది. బదిలీ, సీనియారిటీ, ప్రమోషన్ లాంటివి అలా కాదు. 20 మంది, ఆపైన ఉన్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఏడాది లోపల అక్కడ దరఖాస్తు పెట్టాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోయినా న్యాయం చేయకపోయినా 60 రోజుల్లో యూనియన్ ద్వారా కన్సిలియేషన్ అధికారి (రెండు పక్షాలనీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే లేబర్ శాఖ అధికారి) దగ్గరికి వెళ్లాలి. బదిలీ ఆర్డరు మీద కోపంతో కొత్త చోట చేరకుండా ఇంట్లో కూర్చోవడం చాలా ప్రమాదం. నిరసన తెలుపుతూ ఉత్తరం ఇచ్చి చేరండి, చేరి పోరాడండి.

కన్సిలియేషన్ కోసం శ్రీకాకుళం, విజయనగరంలోని లేబర్ శాఖ ఆఫీసులు ఉన్నాయి. అర్జీ మూడు కాపీలు తీసుకెళ్లండి, అర్జీ అందినట్టు వేసే ఇన్‌వార్డ్ నంబరు లేకుండా వెనక్కి రాకండి. అక్కడ వకీళ్లు వాదించడానికి లేదు, యూనియన్ నాయకుడు మీ తరఫున మాట్లాడవచ్చు. మామూలుగా 45 రోజుల్లో ముగించాలి. కుదరకపోతే అధికారి రిపోర్టు ఇస్తాడు, అది మీ చేతికి అందిన రోజు నుంచి 90 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కి, అంటే కార్మిక వివాదాలు తేల్చే కోర్టుకి వెళ్లాలి. మన రెండు జిల్లాల కేసులు విశాఖపట్నంలోని ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్-కమ్-లేబర్ కోర్టులో నడుస్తూ వచ్చాయి. వివాదం పుట్టి రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ అధికారి దాన్ని చేపట్టడానికి వీల్లేదు. పాత చట్టంలో మూడేళ్లు ఉండేది, ఆ పాత లెక్క నమ్ముకుని ఆలస్యం చేయకండి.

వివాదం అధికారి ముందు నడుస్తున్నంత కాలం మీకు ఒక రక్షణ ఉంది, సెక్షన్ 90. ఆ వివాదానికి సంబంధించిన విషయంలో ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా సర్వీసు షరతులు మార్చకూడదు, తీసేయకూడదు. సంబంధం లేని తప్పుకి తీసేసినా నెల జీతం ఇచ్చి, ఆ చర్యకి ఆమోదం కోరుతూ దరఖాస్తు పెట్టాలి. కార్యవర్గంలో కొందరికి "రక్షిత కార్మికుడు" హోదా ఉంటుంది, మొత్తం కార్మికుల్లో ఒక శాతం, తక్కువలో తక్కువ ఐదుగురు, ఎక్కువలో ఎక్కువ 100 మంది. వివాదం నడుస్తుండగా వాళ్లని ఏ కారణంతోనైనా సరే ముందస్తు అనుమతి లేకుండా తీసేయలేరు. కానీ ఆ పేర్లు యూనియన్ ప్రతి ఏటా యాజమాన్యానికి రాసివ్వాలి. రాయని యూనియన్లు చాలా ఉన్నాయి, దెబ్బ తగిలాక తల పట్టుకుంటారు.

డబ్బుల్లేవని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద పారిశ్రామిక కార్మికులకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ నంబరు 15100. గేటు చెకింగ్‌లో దొంగతనం అంటగట్టి పోలీసు కేసు పెట్టినా ముందు అక్కడికే వెళ్లండి.

ట్రిబ్యునల్ అర్జీలో "తీసేసినప్పటి నుంచి నాకు వేరే చోట ఆదాయం వచ్చే ఉద్యోగం లేదు" అన్న వాక్యం, అది నిజమైతే, తప్పకుండా ఉండాలి. అన్యాయంగా తీసేసిన కేసుల్లో బయట ఉన్న కాలానికి జీతం (బ్యాక్ వేజెస్) ఇచ్చి తిరిగి తీసుకోవడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, అయితే ఆ వాక్యం కార్మికుడే ముందు చెప్పుకోవాలి. మధ్యలో కూలికో, ఆటోకో వెళ్తే దాన్ని దాచకండి, ఎంత వచ్చిందో రాయండి.

రాజీకి వస్తామంటే వినండి, తప్పు లేదు. కానీ ఒప్పంద పత్రంలో "సర్వీసు కొనసాగింపుతో" అన్న మాట ఉందో లేదో చూడండి. అది లేకపోతే పదేళ్ల మనిషి కొత్తగా చేరినట్టు అవుతాడు, గ్రాట్యుటీ దగ్గర తెలుస్తుంది నష్టం. మీకు చెప్పకుండా సెటిల్‌మెంట్ డబ్బు ఖాతాలో వేసేస్తే, అభ్యంతరంతోనే ఉంచుకుంటున్నానని వెంటనే ఉత్తరం రాయండి. తిరిగి డ్యూటీలో చేరిన రోజు జాయినింగ్ లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద టైమ్ ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకున్నాకే లోపలికి వెళ్లండి.